కడగని మట్టి

1వ దినం

ఈ ఊళ్ళో ఏం చెప్పాలన్నా గోడకి చెప్పాలి. గోడ వింటుంది, దాచుకుంటుంది, ఎవరడిగితే వాళ్ళకి తిరిగి చెబుతుంది. మడి సంగతులు నేనూ రోజూ గోడకి చెబుతాను. ఎన్ని నీళ్ళు పోశాను, ఎన్ని మొలిచాయి, అంతవరకే. మిగతాది ఈ అట్టల మీద రాస్తాను. గింజల డబ్బా చింపితే లోపలి వైపు తెల్లగా ఉంటుంది. ఇక్కడ పుట్టినవాళ్ళకి చేతిరాత చదవడం రాదు కాబట్టి భయం లేదు. నేను చదివింది మూడో తరగతి. నాకు అది చాలు.

నా పేరు తవిటయ్య. భూమి లెక్కలో ముప్పై మూడేళ్ళుగా ఈ ఎర్రనేల మీద మట్టి కడుగుతున్నాను. ఇక్కడి మట్టిలో విషపు ఉప్పు ఉంటుంది. ఏడు నీళ్ళు కడిగితే గాని మొక్క బతకదు. అందరూ ఏడు కడుగుతారు. నేను తొమ్మిది కడుగుతాను, చివర నాలిక మీద వేసుకుని చూసి మరీ పంపుతాను. ఈ గుహలో జనం తిన్న ప్రతి ఆకూ నా చేతి మట్టిలో మొలిచిందే.

మడుల పని చూసే దేవకి ఈరోజు గింజలు పంచింది. గిలక గింజలు. భూమ్మీద మా తూర్పు వైపు చేనిగట్ల మీద ఎవడూ నాటకుండా మొలిచేది. వానకి లేచి, పసుపుగా పూసి, కాయ ఎండి, లోపల గింజలు గిలకలా మోగి, ఆ ఏడాదికే చచ్చిపోయేది. పశువులు కూడా దాన్ని ముట్టవు. అలాంటిది ఇప్పుడు ఓడలో పెట్టెలో కూర్చుని వచ్చింది. దాని వేరు మట్టికి బలం పెడుతుందట.

పది మడులకి తలా పన్నెండు గింజలు. మొక్కల కోసం కొత్తగా అద్దాల సావిడి కడుతున్నారు. ఎవరి మడి బాగా పూస్తే వాళ్ళు ఆ సావిడికి పెద్దమాలి. మిగతా తొమ్మిదిమందీ వాళ్ళ కింద పని చెయ్యాలి.

పెద్దమాలి నేనే కావాలి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. కాని నా పక్క మడి అసిరయ్యది.

అసిరయ్య నా బావమరిది, నా పెళ్ళాం పారమ్మ తమ్ముడు. మొన్నటిదాకా గాలి గొట్టాలు బిగించాడు. ఒంట్లో సత్తువ తగ్గాక మడి తీసుకున్నాడు. పాటలు పాడతాడు. అందరూ వాణ్ణి పలకరిస్తారు. నా మట్టి వద్దని తన మడి మట్టి తనే ఆరు నీళ్ళు కడిగి గోడకి ఏడని చెబుతాడు.

గిలక గింజ పెంకు గట్టిది. ఒక్కొక్క గింజనీ గరుకురాయి మీద రెండుసార్లు రుద్ది గోరువెచ్చటి నీళ్ళలో వేశాను. అసిరయ్య నడుం మీద చేతులేసుకుని చూశాడు.

"ఏటి బావా, పెళ్ళికూతురికి నలుగెడతన్నావా?"

"నీ గింజలకి దుప్పటి కప్పి పడుకోబెట్టు. లేస్తే నాకు సెప్పు," అన్నాను.

ఇంట్లో పారమ్మ అంది: "మా నాయన కొత్త సేనులో పెసలు జల్లితే పాత సేను మట్టి గంపడు తెచ్చి పోసీవోడు. గిలక కూడా ఆ జాతిదే. కొత్త మట్టి దానికి ఒప్పదు."

"నా మట్టికేటి తక్కువొచ్చింది? మీ నాయన ఎప్పుడైనా మట్టి కడిగినాడా?"

ఆమె నోరు మూసుకుంది. ముప్పై మూడేళ్ళలో ఆమె నోరు మూసుకున్న ప్రతిసారీ నేను గెలిచాననే అనుకున్నాను.

6వ దినం

నావి పదకొండు మొలిచాయి. అసిరయ్యవి ఏడు.

చేతులు వెనక్కి కట్టుకుని వాడి మడి ముందు కాసేపు నిలబడ్డాను.

"లెక్క సరిపోనాదా బావా?"

"సరిపోనాది. నీకు ఏడు, నాకు పదకొండు."

"మా అప్పని నీకిచ్చిన్నాడే మా ఇంట లెక్క తప్పీసింది. ఇది ఓ లెక్కేటి?"

పక్క మడులవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ. పదకొండు పదకొండే.

24వ దినం

ఆకు రంగు మారుతోంది. నా ఆకే. అంచుల నుంచి లోపలికి పసుపు పాకుతోంది. నీళ్ళు చూశాను, దీపం ఎత్తు చూశాను, మట్టి నాలిక మీద వేసుకున్నాను. ఏ తప్పూ లేదు. మిగతా ఎనిమిది మడుల్లోనూ ఇలాగే పసుపు పాకుతోంది. ఆ ఎనిమిదింటిదీ నేను కడిగిన మట్టే.

అసిరయ్యవి మాత్రం నల్లగా కనిపించేటంత పచ్చగా ఉన్నాయి. ఏడు మొక్కలు, ఏడూ మోకాలెత్తు. నావి జానెడు.

34వ దినం

మట్టిలో ఇంకా ఉప్పు మిగిలి ఉండాలి. వేరే కారణం నాకు తోచలేదు. బాగా పాలిపోయిన నాలుగు మొక్కల్ని తీసి, కింద మట్టి మళ్ళీ తొమ్మిది నీళ్ళు కడిగి, మళ్ళీ నాటాను. గిలకకి వేరు ఒక్కటే, మేకులా నిటారుగా దిగుతుంది. ఒకసారి కదిలిస్తే ఇక నిలబడదు. చిన్నప్పుడు గట్టు మీద ఎన్ని పీకలేదు! ఆ సంగతి తెలిసి కూడా చేశాను. నాలుగూ వాలిపోయాయి.

మొక్కలకి పురుగు పట్టిందని గోడకి చెప్పాను. ఈ గుహలో పురుగన్నదే లేదు. దేవకి విని కూడా ఏమీ అడగలేదు. ముసలాడు పాపం అనుకుని ఉంటుంది. అది నాకు ఇంకా మంట.

పారమ్మ రోజూ అన్నం తిని, కంచాలు కడిగి, తువ్వాలు భుజాన వేసుకుని తమ్ముడి మడి దగ్గరకి పోతోంది. నా మడి దాటుకునే పోవాలి. దాటుకుని పోతోంది.

"ఎక్కడికే?"

"సల్లగాలికి."

"ఈ గుహంతా ఒకటే గాలి. గొట్టంలోంచి వస్తాది."

"అక్కడ ఆకుల్లోంచి వస్తాది."

41వ దినం

నావి ఏడున్నాయి. వాడివీ ఏడే. ఇంక లెక్క గురించి నేను మాట్లాడలేదు. వాడూ మాట్లాడలేదు. వాడు దెప్పి ఉంటే బాగుండేది.

51వ దినం

అసిరయ్య మడి పూసింది.

పసుపు. పసుపంటే నా ఆకుల పసుపు కాదు. పసుపుముద్దని విప్పి సీతాకోకచిలుకలు చేసి కాడకి వరసగా గుచ్చినట్టుంది. ప్రతి పువ్వు గొంతులో చింతపండు రంగు గీతలు. ఏడు మొక్కల్లో ఐదు పూశాయి.

పొద్దున్నించి జనం. ఇక్కడ పుట్టినవాళ్ళు బంగాళాదుంప పువ్వు తప్ప ఇంకో పువ్వు చూడలేదు. కొందరు చెప్పులు విడిచి వచ్చారు. అసిరయ్య పాడుతున్నాడు. పారమ్మ వాడి పక్కన పెళ్ళివారి ఆడపడుచులా నిలబడి, "ముట్టుకోకండి, ముట్టుకోకండి," అని అందరికీ చెబుతోంది.

నేను నా మడి దగ్గర కూర్చుని ఆకులు తుడుస్తున్నట్టు నటించాను. ఒక్కరూ ఇటు రాలేదు. కాసేపటికి ఒకమ్మాయి వచ్చింది. లేచి నిలబడ్డాను.

"తాతా, ఈ జనంలో అసిరయ్య తాత మడికి ఎటు పోవాలి?" అంది.

చెయ్యెత్తి చూపించాల్సి వచ్చింది. ఈ చేత్తోనే.

52వ దినం

జనం రాకముందే అసిరయ్య మడి దగ్గరకి పోయాను. వాడేం చేశాడో తెలుసుకోవాలి. మోకాళ్ళ మీద కూర్చుని మొదళ్ళ దగ్గర వెతికాను. కనబడింది. ఎర్రమట్టిలో నల్లటి రేణువు. ఆవగింజంత కూడా లేదు. గోటితో తీసి నాలిక మీద వేసుకున్నాను.

ఉప్పు లేదు. తుప్పు వాసన లేదు. ముప్పై మూడేళ్ళయినా నాలిక మరిచిపోలేదు. అది భూమి మట్టి.

పదిహేనేళ్ళ కిందట ఎవరి చెప్పుకో అంటుకుని వచ్చిన మట్టితో బూజు దిగి, ఆ ఏడు బంగాళాదుంపలన్నీ కుళ్ళిపోయాయి. ఏడాదంతా సగం కడుపుతో బతికాం. అప్పట్నించి కట్టుబాటు ఉంది. బయటి మట్టి దొరికిన మడికి మూడు గంటలు ఆవిరి పెడతారు. అందులో ఏదీ మిగలదు. తెచ్చిన మనిషికి జన్మలో మడి ఉండదు, పచ్చని సావిళ్ళలో అడుగు పెట్టకూడదు.

గోడకి చెప్పలేదు. దేవకి దగ్గరకి నేనే నడిచి వెళ్ళాను. పోయేటప్పుడు మోకాళ్ళు నొప్పి పుట్టలేదు.

"తాతా, మీరు చూసింది ఖాయమేనా?"

"మట్టి సంగతి నన్నడుగుతన్నావా అమ్మా?"

దేవకి పరీక్షకి మట్టి తీసే చిన్న గొట్టం పట్టుకుని లేచింది.

53వ దినం

అసిరయ్య మడి చుట్టూ తాడు కట్టారు. ఎల్లుండి సభ. సభ ఊ అంటే ఆ పూటే ఆవిరి.

మట్టి ఎక్కడిదని వాణ్ణి నలుగురూ నాలుగు రకాలుగా అడిగారు. నోరు విప్పలేదు. తాడు అవతల నేల మీద కూర్చున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నేనే చెప్పానని వాడికి తెలుసు.

ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. పారమ్మ కంచం ముందుకు లాక్కోలేదు. మెళ్ళో తాడు తీసింది. ఆ తాడుకి తాయెత్తు ఉంటుంది. నేనెరిగిన దగ్గర్నించీ ఉంది. దాని మూత తిప్పి నా కంచంలో బోర్లించింది. ఏమీ పడలేదు.

"ఇది మా అమ్మ కట్టింది, ఓడెక్కీముందర. దీంట్లో మా సేనిగట్టు మట్టుండీది. గిలక మొలిసిన గట్టు. దేవుడిదనుకుని తనిఖీవోళ్ళు ఒగ్గీసినారు."

తాయెత్తు లాక్కుని లోపలికి చూశాను.

"నువ్వా? తెచ్చింది నువ్వా?"

"నానే."

"తెచ్చి మీ తమ్ముడికిచ్చినావా? పక్కన మొగుడుండగా?"

"నీకిస్తే కడిగీస్తావు."

నిజంగానే కడిగేసేవాణ్ణి. తొమ్మిది నీళ్ళు.

"ముందు నీకే సెప్పినాను," అంది. "పాత మట్టి కావాలని. మా నాయన్ని తిట్టినావు. ఎల్లుండి సభలో లేచి సెప్పీస్తాను. ఆడి మీద పడనివ్వను."

చెబితే పారమ్మ ఇక జన్మలో పచ్చని ఆకు దగ్గరకి పోకూడదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. సావిట్లోంచి వచ్చాక చేతులు కూడా వెంటనే కడుక్కోదు. కాసేపు వాసన చూసుకుంటుంది.

దేవకి దగ్గరకి వెళ్ళి నా నాలిక పొరబడిందని చెప్పాలనుకున్నాను. రెండడుగులు వేసి ఆగాను. నా నాలిక పొరబడదని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. పైగా గొట్టంలో మట్టి ఉండనే ఉంది.

54వ దినం

ఏమీ తోచలేదు. మట్టి కడిగాను.

55వ దినం

సభ జరిగింది. ఏడుగురు కూర్చున్నారు. ఊరంతా వచ్చింది.

దేవకి రెండు మొక్కలు పట్టుకొచ్చింది. ఒకటి అసిరయ్య మడిది, రెండోది నాది. నా మడిలో పీకేటప్పుడు నన్ను అడిగింది. పీక్కో అన్నాను.

అసిరయ్య మొక్క వేరుకి రాగిగింజలంత బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. ఒకదాన్ని గోటితో చీల్చి అందరికీ చూపించింది. లోపల గులాబీ రంగు. తర్వాత నా మొక్క ఎత్తింది. వేరు తెల్లగా, బియ్యం కడిగిన గిన్నెలా శుభ్రంగా ఉంది. ఒక్క బుడిపె లేదు.

"ఈ బుడిపెల్లో కంటికి కనపడని జీవులుంటాయి. గాలిలోంచి బలం తీసి వేరుకి పెట్టేవి అవే," అంది. "గింజలతో పాటు అవి మనకి రాలేదు. కడిగిన మట్టిలో అవి ఉండవు. మట్టి ఎంత బాగా కడిగితే మొక్క అంత పస్తుంటుంది." ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే తట్టుకునేవాణ్ణి. "బూజు పరీక్ష రెండుసార్లు చేశాను, లేదు. ఆవిరి పెడితే ఇవి చచ్చిపోతాయి. మళ్ళీ ఓడలో తెప్పించాలంటే నాలుగేళ్ళు."

ఏడుగురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. సభ పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"మడిని వదిలేస్తున్నాం. మనిషిని వదలడం కుదరదు. రేపు ఇంకొకరు ఇంకేదో తెస్తారు. అసిరయ్యా, మట్టి తెచ్చింది ఎవరు?"

అసిరయ్య నేలకేసి చూశాడు. పారమ్మ పమిట సర్దుకుని లేవబోయింది. నేను ముందు లేచాను.

"నాను."

పెళ్ళాన్ని కాపాడాలని లేచానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. ఆ క్షణాన నాకు తట్టింది ఒకటే. మట్టి ఎవరిదో పువ్వు వాళ్ళది. అసిరయ్యది కాదు.

"నువ్వా?" అన్నాడు సభ పెద్ద. "తొమ్మిది నీళ్ళు కడిగే తవిటయ్య దొంగ మట్టి దాచాడా?"

"దాసినాను."

"దాచినవాడివి నీ మడిలో ఎందుకు వేసుకోలేదు?"

"ముందు ఈడి మడిలో ఏసి సూసినాను. సెడితే ఈడిదే కదా సెడతాది."

జనం గొల్లున నవ్వారు.

"మరి ఫిర్యాదు ఇచ్చింది కూడా నువ్వేగా?"

"నా మట్టిలో పూసిన పువ్వుని ఈడు తనదని సెప్పుకుంటన్నాడు. ముందు నిలబడి పాటలు కూడా పాడతన్నాడు. ఎలగూరుకుంటాను?"

ఆ మాటతో అందరూ నమ్మేశారు. అందరి మొహాల్లోనూ నమ్మకం కనిపించింది. నన్ను ముప్పై మూడేళ్ళుగా ఎరిగినవాళ్ళు మరి.

అసిరయ్య నోరు తెరిచాడు. పారమ్మ వాడి కాలు తొక్కింది. వాడు నోరు మూశాడు.

తీర్పు చెప్పారు. నా మడి పోయింది. ఎప్పటికీ నేను మాలిని కాను. మట్టి కడగడానికి నాలాంటివాణ్ణి ఇంకొకణ్ణి వెతకలేరు కాబట్టి సావిట్లోకి రానిస్తారు, కాని పెద్దమాలి కింద కూలివాడిగా. మడి పూసింది వాడిదే కాబట్టి పెద్దమాలి అసిరయ్య.

"ఒప్పుకుంటావా?" అన్నారు.

"ఒప్పుకుంటాను. ఆ పూలు నావని గోడకి సెప్పండి. ఎవులడిగినా గోడ అలగే సెప్పాల."

సభ పెద్ద దేవకి వైపు చూశాడు. దేవకి గోడ వైపు తిరిగి చెప్పింది. ఈ గిలక పూలు తవిటయ్యవి. గోడ విన్నట్టు దీపం వెలిగింది.

56వ దినం

"నన్ను కాసుకుందామని లేసినావా, మా తమ్ముడి మీద కుళ్ళుతోటి లేసినావా?" అని అడిగింది పారమ్మ.

"కుళ్ళుతోటే."

"నిజమే సెప్పినావు," అని కూర గరిటెడు ఎక్కువ వేసింది. తర్వాత ఒకతే చాలాసేపు నవ్వుకుంది. ఎందుకో అడగలేదు.

63వ దినం

అసిరయ్య మడి మట్టి చిటికెడు చొప్పున కొత్త మడులన్నిటిలో కలపాలట. కలపాల్సింది నేనట. ముందు రోజు తొమ్మిది నీళ్ళు కడిగి, ఆరబెట్టి, నాలిక మీద వేసుకుని చూసిన మట్టిలో నా చేత్తో నేనే మురికి కలిపాను. తర్వాత చేతులు కడుక్కోబోతే దేవకి వద్దంది. ఆ చేతుల్తోనే పక్క మడి కూడా కలపమంది.

"బావా, ఆ మూల ఇంకో సిటికెడు పడాల," అన్నాడు అసిరయ్య.

"నాకు సెప్పకు."

"పెద్దమాలిని కదా, సెప్పాల."

"నా పూలకి నువ్వు నీళ్ళెక్కువ పోస్తన్నావు. ముందు అది తగ్గించు."

వాడు ఏదో అనబోయాడు. దేవకి రెండడుగుల దూరంలో ఉంది. మింగేశాడు. అది చూసి మిగతా మూల కూడా కలిపాను.

88వ దినం

కింది కాయలు ఎండాయి. తాకితే మోగుతున్నాయి. పై కొసన ఇంకా పూస్తూనే ఉంది. ఏడో గుహ వాళ్ళు గింజలు తీసుకెళ్ళడానికి పదిమంది వచ్చారు. ఒక్కరూ ముందు గింజలు అడగలేదు. పూల ముందు నిలబడిపోయారు.

అసిరయ్య ఉతికిన చొక్కా వేసుకుని పెద్దమాలి పట్టీ చేతికి కట్టుకున్నాడు. వాడి పక్కన పారమ్మ. నేను ఇవతల బురద చేతుల్తో మట్టి జల్లెడ పట్టుకుని ఉన్నాను.

వాళ్ళలో పెద్దావిడ ఒకామె అడిగింది. "ఎంత బాగున్నాయి! ఎవరివి ఈ పూలు?"

పాట పాడే మనిషికి మాట రాలేదు. అక్క వైపు చూశాడు. అక్క దీపాల వైపు చూసింది. నా వైపు చూశాడు. నేను జల్లెడ ఆడించడం ఆపాను.

"మా బావవి," అన్నాడు, ఎండుకాయలో గింజ మోగినంత మెల్లగా.

"వినపళ్ళేదు," అన్నాను. "గట్టిగా సెప్పు."